చిలికా సరస్సు: మన శ్రీకాకుళం జిల్లావాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది సోంపేట పక్కన పల్లెటూరు. ఏటా చలికాలంలో ఒక్కసారైనా చిలికా వెళ్ళి వస్తుంటాను. వచ్చి నాలుగు ఫోటోలు పెట్టానో లేదో ఫోన్లు మొదలవుతాయి, అన్నీ దాదాపు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడితే బాగుంటుందనిపించింది. టూర్ ప్యాకేజీ వాళ్ళు చెప్పే విషయాలు ఇందులో తక్కువ. ఆ నీళ్ళ గురించి, పక్షుల గురించి, అక్కడి మనుషుల గురించి నాకు తెలిసినంత రాశాను.

చిలికా అసలు సరస్సా, సముద్రమా?

రెండూ కాదు, రెండూ అవును. పేరుకు సరస్సు అంటాం గానీ అది ఉప్పునీటి కయ్య. ఇంగ్లీషులో లగూన్ అంటారే, అది. వేల ఏళ్ళ క్రితం అక్కడ సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన అఖాతం ఉండేది. అలలు, ఒడ్డు వెంట పారే ప్రవాహాలు కలిసి ఇసుకను పేర్చుకుంటూ పోయి మధ్యలో పొడవాటి ఇసుక దిబ్బ కట్టేశాయి. దిబ్బకు అవతల బంగాళాఖాతం, ఇవతల చిలికా. ఆ దిబ్బలో ఎక్కడో ఒకచోట తెగిన దారి ఉంటుంది, దాన్నే మనం మొగ అంటాం. కళింగపట్నంలో వంశధార మొగ చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే చిలికా కథంతా ఆ మొగ చుట్టూనే తిరుగుతుంది.

ఎక్కడుంది? మన జిల్లా నుంచి ఎంత దూరం?

ఒడిశాలో, గంజాం, ఖుర్దా, పూరీ జిల్లాల్లో పరుచుకుని ఉంది. ఇచ్ఛాపురం దాటితే పాతిక కిలోమీటర్లలో బరంపురం, అక్కడి నుంచి ఛత్రపురం, గంజాం మీదుగా రంభ. ఇచ్ఛాపురం నుంచి లెక్కేస్తే దాదాపు డెబ్భై కిలోమీటర్లు. శ్రీకాకుళం టౌను నుంచి అయితే రెండు వందల దగ్గర దగ్గర. అంతా పదహారో నంబరు జాతీయ రహదారే, దారి తప్పే పని లేదు.

నన్నడిగితే రైలు మేలు. హౌరా, చెన్నై లైను సరస్సు పడమటి ఒడ్డునే పోతుంది. రంభ దాటాక కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. కొండకీ నీటికీ మధ్య సందులోంచి రైలు పోతుంటే ఒక్కసారిగా కిటికీ నిండా నీళ్ళు వచ్చేస్తాయి, తెల్లవారుజామున అయితే ఆకాశం ఎక్కడ అయిందో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలీదు. ప్యాసింజర్లు రంభలో ఆగుతాయి, కొన్ని ఎక్స్‌ప్రెస్‌లు బాలుగావ్‌లో ఆగుతాయి. ఎక్కేముందు మీ రైలు ఎక్కడ ఆగుతుందో ఒకసారి చూసుకోండి.

ఎంత పెద్దది? లోతు ఎంత?

వానాకాలంలో 1,165 చదరపు కిలోమీటర్ల దాకా పరుచుకుంటుంది, ఎండాకాలానికి 906కు తగ్గుతుంది. పొడవు అటూ ఇటూ 64 కిలోమీటర్లు. అంత పెద్ద నీటికి లోతు మాత్రం తక్కువ. చాలాచోట్ల నడుము లోతు, మహా అయితే నాలుగు మీటర్ల దాకా. అవతలి ఒడ్డు కనిపించనంత దూరంలో, సరస్సు నడిమధ్యలో ఒక మనిషి పడవ దిగి నిలబడి వల సర్దుకుంటుంటే మొదటిసారి చూసినప్పుడు గుండె ఆగినంత పనైంది. లోతు లేదనే ఆ సరస్సుకి ఇన్ని పక్షులు వస్తాయి, అది మళ్ళీ చెబుతాను.

నీళ్ళు ఉప్పగా ఉంటాయా, తియ్యగా ఉంటాయా?

ఏ చోట, ఏ నెలలో అన్నదాన్ని బట్టి. మంచి ప్రశ్న ఇది, కొంచెం ఓపికగా చదవండి.

ఉత్తరం వైపు మహానది పాయలు వచ్చి కలుస్తాయి. దయ, భార్గవి లాంటివి. దయ అంటే అశోకుడి కళింగ యుద్ధంతో ముడిపడ్డ నదే, ధౌలి కొండ కిందుగా పారేది. ఆ వైపు నీళ్ళు వానాకాలంలో దాదాపు మంచినీళ్ళే. పడమటి కొండల మీద నుంచి మన గెడ్డల్లాంటి చిన్న చిన్న ఏర్లు దిగుతాయి. తూర్పున మొగ నుంచి సముద్రపు పోటు లోపలికి వస్తుంది. దక్షిణాన రంభ వైపు నీళ్ళు ఎక్కువగా కదలవు, ఏడాది పొడుగునా ఒక మోస్తరు ఉప్పగానే ఉంటాయి. అదీ కాక పాలూరు కాలువ అని ఒకటి రంభ వైపు నుంచి రుషికుల్యా నది మొగ దాకా పోతుంది, అక్కడా కొంత సముద్రపు నీరు కలుస్తుంది.

అందుకే శాస్త్రవేత్తలు చిలికాని నాలుగు భాగాలుగా చూస్తారు: ఉత్తర భాగం, మధ్య భాగం, దక్షిణ భాగం, మొగకు పోయే బయటి కాలువ. ఆగస్టులో వరద వస్తే తీపి నీరు సముద్రం వైపు నెట్టుకుంటూ పోతుంది. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ఉప్పు నీరు వెనక్కి తోసుకుంటూ వస్తుంది. ఒకే సరస్సులో తామర పూసే చోటూ ఉంది, పండుగప్ప ఈదే చోటూ ఉంది. రంభలో ఒకసారి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. సముద్రమంత ఉప్పు కాదు, ఉప్పు కాస్త ఎక్కువైన చారులా ఉంది. పడవ నడిపే పెద్దాయన నవ్వి, "వర్షాలప్పుడు వచ్చి చూడు బాబూ, ఇంత ఉండదు" అన్నాడు. వాళ్ళకు వేరే మీటరు అక్కర్లేదు.

మొగ తవ్వి సరస్సుని బతికించారంటారు, నిజమేనా?

నిజమే. చిలికా గురించి ఒక్క విషయమే తెలుసుకుంటానంటే ఇదే తెలుసుకోండి.

నదులు మట్టిని తెచ్చి పోస్తాయి, సముద్రం ఇసుకను తెచ్చి మొగ దగ్గర పోస్తుంది. అలా ఏళ్ళ తరబడి మొగ పూడుతూ, పక్కకు జరుగుతూ పోయింది. 1980లు, 90లు వచ్చేసరికి పోటు నీరు లోపలికి రావడం బాగా తగ్గింది. ఉప్పు తగ్గేసరికి ఉత్తరం వైపు కలుపు మొక్కలు, గుర్రపుడెక్క విపరీతంగా పెరిగాయి. సముద్రంలోంచి వచ్చి పెరిగే చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు దారి మూసుకుపోయింది. ఒడ్డున ఉన్న వందకు పైగా మత్స్యకార గ్రామాలు, దాదాపు రెండు లక్షల మంది ఆ నీటి మీదే బతుకుతున్నారు. వల వేస్తే చేప లేదు. ఏడాదికి పట్టే చేప, రొయ్య, పీత అన్నీ కలిపి 2000కు ముందు 1,700 టన్నుల దగ్గరకు పడిపోయాయి. 1993లో చిలికాని మాంట్రూ రికార్డులో చేర్చారు, అంటే ప్రపంచంలో ప్రమాదంలో పడ్డ చిత్తడి నేలల జాబితా అన్నమాట.

ఒడిశా ప్రభుత్వం 1991లోనే చిలికా అభివృద్ధి సంస్థను పెట్టింది. వాళ్ళు, శాస్త్రవేత్తలు కలిసి నీటి కదలిక మీద లెక్కలు కట్టి, ఇసుక దిబ్బను ఎక్కడ తెగ్గొడితే నీరు బాగా ఆడుతుందో చూసి, 2000 సెప్టెంబరు 23న పూరీ జిల్లాలోని సాతపడా అనే ఊరి వైపు కొత్త మొగ తెరిచారు. సరస్సు నీరు సముద్రానికి చేరే దారి 18 కిలోమీటర్లు తగ్గింది. ఆ తర్వాత జరిగింది చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. రెండేళ్ళు తిరక్కుండా చేపల పట్టుబడి 10,000 టన్నులు దాటింది. కలుపు తగ్గింది, డాల్ఫిన్లు తిరిగే మేర పెరిగింది. 2002లో ఆ ప్రమాద జాబితా నుంచి చిలికా పేరు తీసేశారు, ఆసియాలో అలా బయటపడ్డ మొదటి చిత్తడి నేల ఇదే. అదే ఏడాది రామ్‌సర్ పరిరక్షణ అవార్డు కూడా వచ్చింది.

ఒకసారి తవ్వేసి వదిలేస్తే సరిపోదు. ఇసుక కదులుతూనే ఉంటుంది, మొగ జరుగుతూనే ఉంటుంది. కనిపెట్టుకుని ఉండాల్సిందే.

తుపాను వస్తే ఏమవుతుంది?

తుపానంటే మనకు వేరే పరిచయం ఎందుకు. 2018 అక్టోబరులో తిత్లీ మన పలాస దగ్గరే తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో చూశాం. చిలికా మీద 2013లో ఫైలిన్, 2019 మేలో ఫొని గట్టి దెబ్బ వేశాయి. పడవలు, వలలు, ఇళ్ళు పోయాయి. ఫొని అయితే ఇసుక దిబ్బను తెగ్గొట్టి కొత్త మొగలు కూడా తెరిచింది. అలా తెరుచుకుంటే ఉప్పు ఒక్కసారిగా పెరుగుతుంది, మళ్ళీ ఇసుక కప్పేస్తే తగ్గుతుంది. ఇది అక్కడివాళ్ళకు తరతరాలుగా అలవాటే గానీ, ప్రతిసారీ ఎవరో ఒకరి బతుకుదెరువు మారిపోతుంది.

"రక్షిత సరస్సు" అంటే లోపల చేపలు పట్టకూడదా?

అలా కాదు. రెండు రకాల రక్షణ ఉంది. మొత్తం సరస్సుకి రామ్‌సర్ గుర్తింపు ఉంది. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో చిత్తడి నేలల కోసం దేశాల మధ్య ఒప్పందం జరిగింది, దాని కింద 1981 అక్టోబరులో మన దేశం నుంచి మొదటగా చేరినవి రెండే రెండు: రాజస్థాన్‌లోని కేవలాదేవ్, ఈ చిలికా. మన కొల్లేరు 2002లో చేరింది. ఈ గుర్తింపు వస్తే జనాన్ని ఖాళీ చేయించరు. వాడుకోండి, కానీ పాడు చేయకండి అంటారు.

రెండోది నలబన. ఒడియాలో రెల్లు అడవి అనే అర్థం వస్తుంది. సరస్సు మధ్యలో 15 చదరపు కిలోమీటర్ల పైచిలుకు దీవి, 1987 నుంచి వన్యప్రాణి చట్టం కింద పక్షుల అభయారణ్యం. వానాకాలంలో మొత్తం మునిగిపోతుంది. చలికాలం మొదలయ్యేసరికి నీరు తీసి బురద బయటపడుతుంది, సరిగ్గా అప్పుడే పక్షులు దిగుతాయి. అక్కడ వేట లేదు, చేపలు పట్టడం లేదు. దిగి నడుద్దాం అని పడవవాళ్ళని అడగకండి. ఎంత డబ్బిస్తానన్నా కుదరదు, కుదరకూడదు కూడా.

పక్షులు ఎప్పుడు వస్తాయి? ఎక్కడి నుంచి?

అక్టోబరు నుంచి దిగడం మొదలవుతాయి, డిసెంబరు, జనవరిలో నిండుగా ఉంటాయి, మార్చికి చాలావరకు వెళ్ళిపోతాయి. సైబీరియా, మంగోలియా, బైకాల్ సరస్సు, కాస్పియన్ సముద్రం వైపు నుంచి, లదాఖ్, హిమాలయాల నుంచి వస్తాయి. ఏటా జనవరిలో లెక్క వేస్తారు, ఇటీవలి లెక్కలన్నీ పది లక్షలు దాటుతున్నాయి. మన జిల్లా జనాభాలో ఇంచుమించు సగం అనుకోండి.

ఎక్కువగా కనిపించేవి బాతులు. సూదిలాంటి తోక ఉన్నవి, గరిటె లాంటి ముక్కున్నవి, ఇటుకరంగు ఒంటి బాపనబాతులు. వీటన్నిటిలో నాకు ప్రాణం మాత్రం తల వెనక రెండు నల్ల చారలుండే పెద్ద బాతు, బార్ హెడెడ్ గూస్ అంటారు. మంగోలియా, టిబెట్ వైపు పిల్లలు చేసుకుని, ఊపిరాడని ఎత్తులో హిమాలయాలు దాటి వస్తుంది. ఇంత దూరం ఎగిరొచ్చింది బురదలో నిలబడి మన ఇంటి బాతులాగే గడ్డి పీక్కుంటూ ఉంటుంది. దాని కాళ్ళు పసుపు నారింజ రంగు. బైనాక్యులర్‌లో ఆ కాళ్ళకంటిన బురద దాకా కనిపించిన రోజు నేను చాలాసేపు ఫోటో తీయడం మర్చిపోయాను.

రాజహంసలు కూడా వస్తాయి, వంచిన ముక్కు తలకిందులుగా నీళ్ళలో పెట్టి వడగట్టుకుని తింటాయి. నల్లతోక గాడ్విట్లు పొడవాటి ముక్కుని బురదలో కుట్టుమిషను సూదిలా పొడుస్తూ పోతాయి. ఇందాక లోతు లేదని చెప్పానే, అది ఇందుకే. కాలు ఆనేంత నీరు, ముక్కు దిగేంత బురద, అందులో పురుగు, నత్త, గడ్డి వేరు, ఇవన్నీ దొరికే చోటు కోసమే అవి వేల కిలోమీటర్లు వస్తాయి. లోతైన నీరు వీటిలో చాలా పక్షులకు పనికిరాదు.

మన తేలినీలాపురం పక్షులు కూడా ఇవేనా?

కాదు. ఈ పొరపాటు మన జిల్లాలో చాలామందికి ఉంది, చిన్నప్పటి నుంచి "సైబీరియా పక్షులు" అనే విన్నాం కాబట్టి తప్పు పట్టలేం. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూళ్ళు కట్టేవి ముఖ్యంగా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ అనే రంగుల కొంగలు. ఇవి రెండూ మన ఉపఖండంలోనే పుట్టి పెరిగే పక్షులు. పిల్లల్ని చేసుకోవడానికి తేలినీలాపురం వస్తాయి, నౌపడ చిత్తడి నేలల్లో, చెరువుల్లో మేత తెచ్చుకుంటాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి జూన్‌లో వానలతో పాటు వచ్చేవి ఓపెన్ బిల్ కొంగలు. రెండు ముక్కులూ మూసినా మధ్యలో సందు ఉంటుంది చూడండి, నత్తను పట్టుకోవడానికి వీలుగా. అవి వస్తే వానలు బాగా పడతాయని ఊళ్ళో నమ్మకం, అందుకే ఎవరూ రాయి విసరరు.

తేడా ఏమిటంటే, మన ఊళ్ళకు వచ్చేవి గూడు కట్టి పిల్లల్ని చేస్తాయి. చిలికాకు ఉత్తరం నుంచి వచ్చేవి అక్కడ గూడు కట్టవు, చలికాలం గడిపి ఉత్తరానికి తిరిగి వెళ్ళాకే పిల్లలు చేసుకుంటాయి. ఒకటి పుట్టింటికి రావడం లాంటిది, ఇంకోటి చలికాలపు వలస కూలీ బతుకు లాంటిది. రెండిటికీ మేత దొరకాలి, బెదరగొట్టేవాళ్ళు ఉండకూడదు.

పక్షుల కోసమే వెళ్ళాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

మంగళాజోడి. వేరే మాట లేదు. ఉత్తరపు ఒడ్డున, ఖుర్దా జిల్లాలో టాంగీ దగ్గర ఊరు. బాలుగావ్ దాటి భువనేశ్వర్ వైపు వెళ్తుంటే కుడివైపు లోపలికి పోవాలి.

ఈ ఊరి కథ వింటే గౌరవం పుడుతుంది. ఒకప్పుడు అక్కడ పక్షుల వేటే జీవనం. వల వేసి, తుపాకి కాల్చి, విషం పెట్టి వేలకొద్దీ పక్షుల్ని చంపి అమ్మేవారు. 1990ల చివర్లో, 2000 ప్రాంతంలో పరిరక్షణ కోసం పనిచేసేవాళ్ళు ఊళ్ళో కూర్చుని మాట్లాడి, నచ్చజెప్పి, ఊరివాళ్ళతోనే పక్షి రక్షణ సమితి పెట్టించారు. వేటగాడికి తెలిసినంతగా పక్షి అలవాటు ఇంకెవరికి తెలుస్తుంది? ఆ మనుషులే ఇప్పుడు గైడ్లు, పడవ నడిపేవాళ్ళు, కాపలాదారులు.

అక్కడ మోటారు బోట్లు ఉండవు. గెడకర్రతో తోసే నాటు పడవ, రెల్లు మధ్య సన్నటి దారి. పోయినసారి నన్ను తీసుకెళ్ళినాయన గెడకర్ర ఆపి, చెయ్యి మాత్రం కొంచెం ఎత్తి చూపించాడు. ఎంత చూసినా నాకు గడ్డి తప్ప ఏమీ కనబడలేదు. రెండు నిమిషాలకు ఆ గడ్డిలోంచి ఒక ఉల్లంకి పిట్ట కళ్ళార్పింది. పడవకి నాలుగు మూరల దూరంలో ఉంది, అంతసేపూ మమ్మల్ని చూస్తూనే ఉంది.

తెల్లవారి ఆరింటికల్లా పడవలో ఉండండి. ఎర్రచొక్కా, పసుపు చీర వద్దు. ఫోన్ సౌండు ఆపేయండి.

డాల్ఫిన్లు తప్పకుండా కనిపిస్తాయా?

తప్పకుండా అని చెప్పేవాళ్ళని నమ్మకండి. సాతపడా వైపు, బయటి కాలువలో కనిపించే అవకాశం ఎక్కువ. రంభలో ఎక్కి డాల్ఫిన్ చూపించమంటే కష్టం.

ఇవి ఇరావతి డాల్ఫిన్లు. టీవీలో చూసే ముక్కు పొడుగు డాల్ఫిన్ కాదు. తల గుండ్రంగా, ముక్కు లేనట్టు ఉంటుంది, వీపు మీద రెక్క చిన్నది. పైకి ఎగిరి గెంతడం చాలా అరుదు. ఊపిరి తీసుకోవడానికి బూడిదరంగు వీపు కొంచెం పైకి వస్తుంది, "ఫుఫ్" మని చప్పుడు, అంతే, మళ్ళీ లోపలికి. బర్మాలో ఇరావతి నదిలో, మెకాంగ్‌లో కూడా ఉన్నాయి గానీ ప్రపంచం మొత్తం మీద వీటి సంఖ్య తగ్గిపోతోంది. చిలికాలో ఇటీవలి లెక్కల్లో 150కి అటూ ఇటూగా ఉన్నాయి. అంటే ఒక పెళ్ళి భోజనాల బంతికి సరిపోయేంత మంది, అంతే.

ఒక్క సంగతి మనసులో ఉండిపోయింది, చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం మాతో పాటు బోటెక్కిన ఒక కుటుంబం "ఇంకా దగ్గరికి పోనివ్వు, ఎక్స్‌ట్రా ఇస్తాం" అని ఒకటే ఒత్తిడి. ఆ బోటతను ఇంజను రెయిజ్ చేసి డాల్ఫిన్లు తేలిన చోటికి పోనిచ్చాడు. ఇంకో మూడు బోట్లు కూడా చుట్టుముట్టాయి. ఆ గుంపులో పిల్ల ఉంది. తల్లి పక్కనే చిన్న వీపు రెండుసార్లు తేలింది, తర్వాత కనిపించలేదు. దానికి ఏమీ కాలేదనే అనుకుంటున్నాను గానీ ఆ అరగంటా నోరు మెదపకుండా కూర్చున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. బోటు ప్రొపెల్లర్ తగిలి, వలల్లో చిక్కుకుని డాల్ఫిన్లు చనిపోతుంటాయి. ఇప్పుడు నేను ఎక్కేముందే చెప్పేస్తాను: దూరంగా ఇంజను ఆపెయ్యి అన్నా, కనిపిస్తే కనిపించాయి, లేకపోతే లేదు, నీ డబ్బులు నీకే. ఆపితేనే అవి వాటంతట అవి దగ్గరికి వచ్చిన సందర్భాలు చూశాను.

రంభ నుంచి సాతపడాకి ఎలా వెళ్ళాలి?

గంజాం నుంచి పాలూరు మీదుగా ఇసుక దిబ్బ వెంట జన్హికుడా దాకా రోడ్డు ఉంది. అక్కడ పంటు మీద బండితో సహా సాతపడా దాటొచ్చు. పంటు టైమింగులు ముందే కనుక్కోండి. లేదంటే భువనేశ్వర్, పూరీ చుట్టి రావాలి. పూరీ నుంచి సాతపడా యాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది.

ఇంకా ఏ జంతువులున్నాయి?

బావురుపిల్లి. చేపలు పట్టుకుని తినే అడవి పిల్లి, మామూలు పిల్లికి రెట్టింపు సైజు, నీళ్ళంటే భయం లేదు. ఉత్తరపు ఒడ్డున రెల్లు పొదల్లో ఉంటుంది, రాత్రిపూట తిరుగుతుంది. 2022లో కెమెరాలు పెట్టి లెక్కగట్టి చిలికాలో 176 ఉన్నాయని అంచనా వేశారు. మీకు కనిపించే అవకాశం దాదాపు లేదు. నాకూ కనిపించలేదు, బురదలో అడుగులు మాత్రం చూపించారు. నీటికుక్కలు కూడా ఉన్నాయి.

ఇంకోటి చాలామందికి తెలియనిది. బర్కుడా అనే దీవిలో కాళ్ళు లేని నలికిరి ఉంది. చూడటానికి పెద్ద వానపాములా ఉంటుంది, చెట్ల వేళ్ళ దగ్గర ఇసుకలో బతుకుతుంది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మొదటి డైరెక్టర్ నెల్సన్ అన్నండేల్ 1917లో దాన్ని లోకానికి చెప్పాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎవరికీ కనబడలేదు, మళ్ళీ ఈ శతాబ్దంలోనే దొరికింది. దీనికి దగ్గరి చుట్టం ఇంకో కాళ్ళులేని నలికిరి ఉంది, అది ఎక్కడిదనుకున్నారు? మన విశాఖపట్నానిది.

దీవులు చూడొచ్చా? కాళీజాయి గుడి సంగతేమిటి?

రంభ నుంచి బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్, ఘంటశిల వైపు తీసుకెళ్తారు. నీళ్ళ మధ్య రాయి మీద ఒంటరిగా ఒక గది కనిపిస్తుంది, ఈస్టిండియా కంపెనీ రోజుల్లో గంజాం కలెక్టరు స్నోడ్‌గ్రాస్ కట్టించాడంటారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, మన తాతల కాలంలో ఇది పరాయి చోటు కాదు.

కాళీజాయి అమ్మవారి గుడికి బర్కుల్ లేదా బాలుగావ్ నుంచి పడవలు. కొత్త పెళ్ళికూతురు జాయి అత్తారింటికి పడవలో పోతూ గాలివానలో మునిగిపోయిందని, ఆమే అమ్మవారై పడవల్ని కాపాడుతోందని కథ. పడవవాళ్ళు ఆ దీవి దాటేటప్పుడు దండం పెట్టుకోవడం చూస్తే మన గంగమ్మ గుర్తొస్తుంది. సంక్రాంతికి పెద్ద జాతర. మనకూ అప్పుడే సెలవులు కాబట్టి అందరూ అప్పుడే బయలుదేరతారు. గుడి కోసమైతే వెళ్ళండి, పక్షుల కోసమైతే ఆ వారం మానేయండి.

అక్కడ తెలుగు అర్థమవుతుందా?

బరంపురం, గంజాం, రంభ వైపు ఇబ్బంది లేదు. గోపాల్‌పూర్, పూరీ తీరంలో నోలియాలు అనే మత్స్యకారులు తెలుగువాళ్ళే. ఇచ్ఛాపురం వాళ్ళకైతే ఒడియా ఎలాగూ వచ్చు. బాలుగావ్ దాటాక ఒడియా గానీ హిందీ గానీ కొంచెం కావాలి.

పీతలు, రొయ్యలు బాగుంటాయటగా?

బాగుంటాయి. మండపీతలు, టైగర్ రొయ్యలు, ఖైంగా అనే చేప. బాలుగావ్ మార్కెట్లో పొద్దున్నే చూడండి. ధర ముందే మాట్లాడుకోండి, వండాక కాదు.

అయితే రొయ్య వెనక ఒక గొడవ ఉంది. సరస్సు లోపల వలలు, వెదుర్లు, మట్టికట్టలతో చుట్టూ కట్టేసి రొయ్యలు పెంచడాన్ని అక్కడ ఘేరి అంటారు. డబ్బున్నవాళ్ళు ఘేరీలు కడితే మామూలు జాలరికి వల వేసే చోటు ఉండదు, నీరు కదలదు, పిల్లచేప కూడా చిక్కుకుంటుంది. సుప్రీంకోర్టు 1996లోనే చిలికా, పులికాట్‌లకు వెయ్యి మీటర్ల లోపు రొయ్యల పెంపకం వద్దని తీర్పు ఇచ్చింది. అయినా కట్టడం, అధికారులు వచ్చి పీకేయడం, మళ్ళీ కట్టడం. మన తీరంలో రొయ్యల చెరువుల పక్కన వరి పొలం ఉన్నవాళ్ళకు ఈ బాధ నేను చెప్పక్కర్లేదు.

పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్తే జాగ్రత్తలు?

లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు, లోతు లేదు కదా అనుకోవద్దు. మధ్యాహ్నం గాలి లేస్తే చిన్న పడవ బాగా ఊగుతుంది, ఉదయమే మేలు. లోపల నీడ ఉండదు, టోపీ, నీళ్ళు పట్టుకెళ్ళండి. చిప్స్ ప్యాకెట్లు వెనక్కి తెచ్చుకోండి.

మన జిల్లాలో ఇలాంటివి లేవా?

ఉన్నాయి, మనం వాటిని సరస్సు అనం, అంతే. సోంపేట బీల ఏమిటి మరి? వాననీరు నిలిచే పల్లపు నేల, చుట్టూ ఊళ్ళకు చేప, గడ్డి, సాగునీరు అన్నీ అదే. "పనికిరాని బీడు" అని రాసి అక్కడ థర్మల్ ప్లాంటు కడతామంటే జనం అడ్డం తిరిగారు, 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతి అదే రోజు రద్దయింది. ఛత్రపురం దగ్గర తంపర అని ఒక సరస్సు ఉంది, దానికి ఇప్పుడు రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. తంపర అనేది మన వైపు కూడా పల్లపు చిత్తడి నేలకు వాడే మాటే. అటువైపు దానికి ప్రపంచ గుర్తింపు, ఇటువైపు అదే రకం నేలకు బీడు అనే పేరు.

నౌపడ ఉప్పుమళ్ళ పక్క నుంచి చలికాలం పొద్దున్నే ఒకసారి బండి మీద మెల్లగా వెళ్ళండి. నీళ్ళంచున చిన్న చిన్న పిట్టలు గుంపులుగా పరిగెడుతుంటాయి, అవి చాలావరకు ఉత్తరం నుంచి వచ్చినవే. టిక్కెట్ లేదు, పడవ లేదు. చిలికా వెళ్ళే ముందు అక్కడ పక్షుల్ని గుర్తుపట్టడం నేర్చుకోండి, రంభలో పడవ ఎక్కేసరికి సగం మీకు తెలిసినవే ఉంటాయి.